ఆటో డెబిట్ బౌన్స్: ఛార్జీ పడకుండా ఏం చేయాలి, పడ్డాక ఏం చేయాలి

పాస్‌బుక్‌లో 295 రూపాయలో 590 రూపాయలో కట్ అయినట్టు కనిపించి, ఎందుకో అర్థం కాక అడిగేవాళ్ళు చాలామంది. 250కి 18 శాతం జీఎస్టీ కలిపితే 295. 500కి కలిపితే 590. కంతు కట్ కావాల్సిన రోజు ఖాతాలో సరిపడా డబ్బు లేక అది వెనక్కి వెళ్తే బ్యాంకు వేసే రిటర్న్ ఛార్జీ చాలాచోట్ల ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

"డబ్బు వేశాను కదండీ, మరి బౌన్స్ ఎందుకైంది?" అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న. నా దగ్గరికి వచ్చినవాటిలో అసలు డబ్బే లేక బౌన్స్ అయినవి తక్కువ. డబ్బు నాలుగు గంటలు ఆలస్యంగా చేరినవి, పదో ఇరవయ్యో తగ్గినవే ఎక్కువ. అందుకే ఇక్కడ ఎంత డబ్బు ఉంచాలి అన్నదానితో పాటు ఎన్ని గంటలకల్లా ఉంచాలి అన్నది కూడా వివరంగా రాస్తున్నాను.

## 1. మీ కంతు ఏ దారిలో కట్ అవుతుందో తేల్చుకోండి

అన్ని ఆటో డెబిట్లూ ఒకటి కావు. దారిని బట్టి సమయం మారుతుంది, ఛార్జీ మారుతుంది.

నాచ్. లోన్ ఒకచోట, ఖాతా వేరే బ్యాంకులో ఉంటే ఎక్కువగా ఇదే. యూపీఐని చూసే ఎన్‌పీసీఐ సంస్థే దీన్నీ నడుపుతుంది. పాస్‌బుక్ ఎంట్రీ ముందు ఏసీహెచ్ అనో నాచ్ అనో ఉంటుంది. కొన్నిచోట్ల ఇప్పటికీ పాత పేరు ఈసీఎస్ కనిపిస్తుంది. బండి ఫైనాన్స్, పర్సనల్ లోన్, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే డబ్బు), బీమా ప్రీమియం చాలావరకు ఈ దారిలోనే వెళ్తాయి.

స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్. లోనూ ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే ఇది. డబ్బు తక్కువైతే బ్యాంకు మళ్ళీ మళ్ళీ చూస్తుంది, ఉన్నంతవరకు కొంత తీసుకోవచ్చు కూడా.

యూపీఐ ఆటోపే, కార్డు ఆటోపే. డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. మామూలు చెల్లింపుల్లో 15,000 రూపాయలు దాటితే మీరు మళ్ళీ అనుమతి ఇవ్వాలి. మ్యూచువల్ ఫండ్, బీమా, క్రెడిట్ కార్డు బిల్లులకైతే ఆ హద్దు లక్ష రూపాయలు.

ఛార్జీల గొడవ ఎక్కువగా ఉండేది నాచ్‌తోనే. మిగతా భాగం చాలావరకు దాని మీదే రాస్తున్నాను.

## 2. డబ్బు కట్ అయ్యే గంట తెలుసుకోండి

గడువు 5వ తేదీ అంటే 5వ తేదీ రాత్రి దాకా టైముందని చాలామంది లెక్క వేసుకుంటారు. నాచ్‌లో అలా కుదరదు.

ఫైనాన్స్ కంపెనీ తన బ్యాంకు ద్వారా వసూలు ఫైలును ముందే పంపుతుంది. గడువు రోజు అది మీ బ్యాంకుకు చేరుతుంది. మీ బ్యాంకు ఎక్కువగా ఉదయం పూటే ఖాతా చూస్తుంది. ఆ క్షణాన పూర్తి మొత్తం ఉంటే కట్ అవుతుంది, లేకపోతే వెనక్కి పోతుంది. నాచ్‌లో సగం తీసుకుని సగం వదిలేయడం ఉండదు. రూపాయి తగ్గినా రిటర్నే.

మీరు మధ్యాహ్నం భోజనం చేసి ఫోన్‌పే నుంచి డబ్బు వేసేసరికి ఉదయమే "బ్యాలెన్స్ సరిపోలేదు" అన్న కారణంతో కంతు వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది. కొన్ని బ్యాంకులు అదే రోజు మరోసారి ప్రయత్నిస్తాయి. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇంకో సంగతి. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వారంలో ఏడు రోజులూ నడుస్తోంది. అంతకుముందు గడువు ఆదివారం పడితే సోమవారం కట్ అయ్యేది. ఇప్పుడు ఆదివారమైనా, రెండో శనివారమైనా, సంక్రాంతి రోజైనా కట్ కావచ్చు. బ్రాంచి మూసి ఉంటుంది, నగదు వేయలేరు, కంతు మాత్రం ఆగదు. ఈ మార్పు తెలియక నష్టపోయినవాళ్ళు నా ఎరుకలోనే చాలామంది ఉన్నారు.

యూపీఐ ఆటోపేకి వేళలు వేరు. 2025 ఆగస్టు నుంచి రద్దీ లేని వేళల్లోనే దాన్ని నడుపుతున్నారు: ఉదయం 10కి ముందు, మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, రాత్రి 9:30 తర్వాత.

కాబట్టి నియమం ఒకటే పెట్టుకోండి: గడువుకు ముందు రోజు సాయంత్రం 6 గంటలకల్లా డబ్బు ఖాతాలో ఉండాలి. ఆ మర్నాడు ఆదివారమో పండగో అయితే అంతకుముందు పనిదినానికే వేసేయండి.

## 3. మాండేట్ల జాబితా రాసుకోండి

ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్ కావడానికి మీరు ఇచ్చిన అనుమతినే మాండేట్ అంటారు. ఓ ఆదివారం గంటసేపు దీనికి కేటాయించండి. నోట్‌బుక్ చాలు.

గత 12 నెలల స్టేట్‌మెంట్ తీయండి. ఆరు నెలలది సరిపోదు, ఏడాదికోసారి కట్ అయ్యేవి అందులో కనిపించవు. ఒక్కో ఆటో డెబిట్‌కు ఇవి రాయండి:

- ఎవరికి వెళ్తోంది
- ఎంత, ఏ తేదీన
- ఏ ఖాతా నుంచి
- మాండేట్ నంబరు (యూఎంఆర్‌ఎన్ అంటారు. నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ల విభాగంలో ఉంటుంది, లేదా ఫైనాన్స్ వాళ్ళను అడిగితే ఇస్తారు)
- మాండేట్‌లో రాసిన గరిష్ఠ మొత్తం
- మాండేట్ ముగిసే తేదీ

గరిష్ఠ మొత్తం ఎందుకంటే, వడ్డీ రేటు పెరిగి ఈఎమ్‌ఐ మాండేట్‌లో రాసిన హద్దును దాటితే ఖాతాలో లక్షలున్నా కంతు వెనక్కి పోతుంది. హోమ్ లోన్ ఉన్నవాళ్ళు ఇది తప్పక చూసుకోండి.

కేవైసీ గడువు దాటి ఖాతా స్తంభించినా, రెండేళ్ళు లావాదేవీలు లేక ఖాతా నిద్రాణంగా మారినా రిటర్నే వస్తుంది. బ్యాంకుల విలీనం జరిగినప్పుడూ చూసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025లో మన గ్రామీణ బ్యాంకులు ఆంధ్రప్రదేశ్‌లో ఒకటిగా, తెలంగాణలో ఒకటిగా మారాయి. ఇలాంటప్పుడు పాత మాండేట్ నడుస్తోందా లేదా అన్నది మొదటి నెలలోనే ఫైనాన్స్ కంపెనీని అడిగి తేల్చుకోండి.

## 4. ఖాతాలో ఎంత ఉంచాలి

ఈఎమ్‌ఐ ఎంతో సరిగ్గా అంతే ఉంచడం అన్నిటికంటే పెద్ద తప్పు. మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మా బావమరిది బండి లోను కంతు 4,350 రూపాయలు, 5వ తేదీన. 4వ తేదీ రాత్రి ఖాతాలో 4,360 ఉంది. పది రూపాయలు ఎక్కువే కదా అనుకున్నాడు. ఆ రాత్రే బ్యాంకు ఎస్సెమ్మెస్ ఛార్జీ కింద 17 రూపాయల 70 పైసలు తీసుకుంది. మిగిలింది 4,342.30. ఏడు రూపాయల 70 పైసలు తక్కువై ఉదయాన కంతు వెనక్కి పోయింది.

బౌన్స్ అయిందని మెసేజ్ చూసి వంద రూపాయలు వేశాడు. అప్పటికే రిటర్న్ ఛార్జీ 295 కట్ అయిపోయిన సంగతి గమనించలేదు. ఖాతాలో 4,147.30 మాత్రమే ఉంది. నాలుగు రోజుల తర్వాత ఫైనాన్స్ వాళ్ళు మళ్ళీ పంపారు, మళ్ళీ బౌన్స్. ఇంకో 295. అటువైపు ఫైనాన్స్ వాళ్ళు ఒక్కో బౌన్స్‌కు 450 చొప్పున రాశారు. మొత్తం 1,490 రూపాయలు. మొదలైంది ఏడు రూపాయల 70 పైసల దగ్గర. వాడి నెల జీతం నాకు తెలుసు కాబట్టి ఆ అంకె ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకని ఇలా లెక్క వేయండి:

ఉంచాల్సిన మొత్తం = ఆ వారంలో కట్ అయ్యే కంతులన్నీ + ఖాతాలో తప్పక ఉండాల్సిన కనీస నిల్వ + 500 రూపాయలు

కనీస నిల్వ తగ్గినంత మాత్రాన కంతు ఆగకపోవచ్చు. కానీ దానికి జరిమానా పడి, ఆ జరిమానా వల్ల తర్వాతి కంతు తగ్గుతుంది. ఆ 500 ఎస్సెమ్మెస్ ఛార్జీకి, ఏటీఎం కార్డు ఏడాది ఛార్జీకి.

మే నెలాఖరున ప్రత్యేకంగా జాగ్రత్త. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు ఆ చివరి వారంలోనే కట్ అవుతాయి. రెండూ కలిపి 456. జూన్ మొదటి వారంలో ఈఎమ్‌ఐ ఉన్నవాళ్ళు ఇది కలుపుకోండి. ఈ బీమాలు మాత్రం ఆపకండి, ఆ డబ్బుకు అంత రక్షణ ఇంకెక్కడా దొరకదు.

లీన్ ఉన్న డబ్బు, అంటే మీరు వాడకుండా బ్యాంకు ఆపి ఉంచిన డబ్బు, కూడా లెక్కలోకి రాదు. బ్యాలెన్స్ 20,000 అని కనిపిస్తున్నా అందులో 15,000 మీద బ్యాంకు లీన్ పెట్టి ఉంటే కంతుకు అందేది 5,000 మాత్రమే. యాప్‌లో "అందుబాటులో ఉన్న నిల్వ" అన్న అంకెనే చూడండి.

## 5. డబ్బు ఎంతసేపట్లో చేరుతుందో చూసి పంపండి

యూపీఐ, ఐఎంపీఎస్: వెంటనే చేరుతుంది, రాత్రైనా పండగైనా. ఐఎంపీఎస్‌లో ఒకసారికి 5 లక్షల దాకా. ఆఖరి నిమిషంలో ఇవే దిక్కు.

నెఫ్ట్: 24 గంటలూ నడుస్తుంది, అరగంటకో విడత. విడత ముగిశాక రెండు గంటల్లోపు జమ కావాలి. ఉదయం 8కి నెఫ్ట్ పెట్టి, ఆ రోజు ఉదయం కట్ అయ్యే కంతుకు సరిపోతుందనుకోవద్దు.

చెక్కు: 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు రోజంతా క్లియర్ అయ్యే పద్ధతి వచ్చింది, ముందుకంటే వేగం పెరిగింది. అయినా అవతలివాళ్ళ చెక్కు మీద ఆధారపడి మీ కంతు పెట్టుకోవద్దు. అది బౌన్స్ అయితే మీదీ బౌన్స్ అవుతుంది.

నగదు: డిపాజిట్ మెషిన్‌లో వేస్తే వెంటనే జమ అవుతుంది. నోట్లు వెనక్కి తోసేసినా, మెషిన్ ఆగిపోయినా మరో దారి ఉండాలి కాబట్టి ముందు రోజే వేయండి.

విదేశాల నుంచి: అమెరికాలో ఉండి హైదరాబాద్ ఫ్లాటుకో విజయవాడ ఇంటికో ఈఎమ్‌ఐ కట్టేవాళ్ళు తేదీని ఇక్కడి గడియారంతో చూడాలి. ఇక్కడ 5వ తేదీ ఉదయం అంటే మీకు ఇంకా 4వ తేదీ రాత్రే. డబ్బు చేరడానికి రెండు మూడు పనిదినాలు, మధ్యలో శని ఆదివారాలు, అక్కడి బ్యాంకు సెలవులు. కనీసం వారం ముందు పంపండి. ఇంకా మేలైన మార్గం, రెండు కంతుల డబ్బు ఎప్పుడూ ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో ఉంచుకోవడం.

## 6. జీతం తేదీకీ గడువు తేదీకీ ఎడం పెట్టండి

జీతం 1న పడుతుంది, కంతు 2న అని పెట్టుకుంటే ఒక్క నెల జీతం ఆలస్యమైనా బౌన్సే. కనీసం నాలుగైదు రోజుల ఎడం కావాలి.

లోన్ తీసుకునేటప్పుడే తేదీ అడగండి, అప్పుడు సులువు. తర్వాత మార్చాలంటే ఫైనాన్స్ కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. కొందరు కొత్త మాండేట్ అడుగుతారు, మధ్యలోని రోజులకు వడ్డీ కలుపుతారు. ఆ వడ్డీ ఎంతో అడిగి, బౌన్సుల ఛార్జీతో పోల్చి చూసి ఒప్పుకోండి.

కొత్త లోన్ తీసుకున్న మొదటి నెల మరీ జాగ్రత్తగా ఉండండి. మాండేట్ ఇంకా రిజిస్టర్ కాకపోవచ్చు, కాగితం మాండేట్ అయితే సంతకం కలవలేదని వెనక్కి రావచ్చు. గడువుకు మూడు రోజుల ముందు ఫోన్ చేసి "మాండేట్ యాక్టివ్ అయిందా" అని అడగండి. కాకపోతే మొదటి కంతు మీరే యాప్‌లో కట్టి రసీదు దాచుకోండి.

## 7. బౌన్స్ అయింది. ఆ రోజే ఈ వరుసలో చేయండి

వరుస ముఖ్యం. తిరగేస్తే రెండో ఛార్జీ పడుతుంది.

మొదటిది: కారణం చూడండి. స్టేట్‌మెంట్‌లోగానీ బ్యాంకు మెసేజ్‌లోగానీ ఉంటుంది. బ్యాలెన్స్ సరిపోలేదా, మాండేట్ సమస్యా, ఖాతా స్తంభించిందా? డబ్బు ఉండి, మాండేటూ ఖాతా సరిగానే ఉన్నా వెనక్కి వెళ్ళి ఉంటే తప్పు మీది కాదు. ఆ తెర స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, బ్యాలెన్స్ కనిపించేలా.

రెండోది: ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేయండి, డబ్బు కట్టకముందే. ఒకే ప్రశ్న: "మళ్ళీ ఎప్పుడు ప్రజెంట్ చేస్తారు (వసూలుకు పంపుతారు)? నేను ఇప్పుడే కడితే ఆపుతారా?" ఫైలు అప్పటికే పంపేసి ఉంటే మీరు కట్టింది ఒకటి, ఖాతా నుంచి కట్ అయ్యేది ఒకటి, రెండు కంతులు పోతాయి. రెండోది వెనక్కి రావడానికి రోజులు పడుతుంది.

మూడోది: జవాబును బట్టి కట్టండి. ఆపుతామంటే వాళ్ళ యాప్‌లోనో అధికారిక లింకులోనో అప్పుడే కట్టేయండి. ఆపలేమంటే కంతు, దాని మీద పడిన రిటర్న్ ఛార్జీ, పైన 500 కలిపి ఖాతాలో వేసి ఉంచండి. మా బావమరిది చేసిన పొరపాటు సరిగ్గా ఇక్కడే.

నాలుగోది: రసీదు, ఫోన్ చేసిన సమయం, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఈమెయిల్ కూడా ఒకటి పంపండి. ఫోన్ మాటలకు సాక్ష్యం ఉండదు.

వసూలు ఏజెంటు ఇంటికొస్తే నగదు ఇవ్వకండి. కట్టేది కంపెనీ ఖాతాకే. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022లోనే స్పష్టంగా చెప్పింది. చేస్తే ఆ కాల్ వివరాలు ఫిర్యాదులో పెట్టండి.

సిబిల్ సంగతి: గడువు దాటిన రోజుల లెక్క మీ క్రెడిట్ రిపోర్టులోకి వెళ్తుంది. 30 రోజుల్లోపు ఒక మెట్టు, 31 నుంచి 60 ఒక మెట్టు, 61 నుంచి 90 ఇంకో మెట్టు, 90 దాటితే మొండి బకాయి. 2025 నుంచి ఈ సమాచారం కనీసం పదిహేను రోజులకోసారి పంపుతున్నారు. ఎంత త్వరగా కడితే అంత మంచిది. క్రెడిట్ కార్డు బిల్లుకు కాస్త వెసులుబాటు ఉంది. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలి, బకాయిగా చూపాలి.

## 8. పడిన ఛార్జీలను విడదీసి చదవండి

ఒక్క బౌన్స్‌కు మూడు రకాలుగా డబ్బు పోతుంది.

మీ బ్యాంకు రిటర్న్ ఛార్జీ. ప్రతి రిటర్న్‌కూ ఒకటి, పైన 18 శాతం జీఎస్టీ. ఎంతన్నది బ్యాంకు వెబ్‌సైట్లో సేవా రుసుముల పట్టికలో ఉంటుంది. నెలకు ఇన్నిసార్లే వేస్తామన్న పరిమితి అందులో ఉందేమో చూడండి. ఖాతాలో డబ్బు లేకపోతే ఈ ఛార్జీ బాకీగా నిలబడి, మీరు డబ్బు వేయగానే ముందు అదే కట్ అవుతుంది.

లోన్ ఇచ్చినవాళ్ళ బౌన్స్ ఛార్జీ. లోన్ ఒప్పందంలో ఉంటుంది.

ఆలస్యానికి పీనల్ ఛార్జీ. గడువు దాటిన మొత్తం మీద రోజుల లెక్కన. ఇక్కడ మీకు బలమైన నిబంధన ఉంది. 2023 ఆగస్టు 18న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం దీన్ని అదనపు వడ్డీ రూపంలో వేయకూడదు, ఛార్జీగానే చూపాలి. ఆ ఛార్జీని అసలులో కలిపి మళ్ళీ దాని మీద వడ్డీ లెక్కించకూడదు. కొత్త లోన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి, పాతవాటికి ఆ ఏడాది జూన్ 30కల్లా ఇది వర్తించింది. ఈ పీనల్ ఛార్జీ మీద జీఎస్టీ ఉండదని 2025 జనవరిలో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు చెప్పింది. క్రెడిట్ కార్డులకు మాత్రం ఆర్‌బీఐ ఆదేశం వర్తించదు.

ఇంకొకటి. 2024 అక్టోబరు 1 తర్వాత వ్యక్తులు తీసుకున్న లోన్లకు ముఖ్య వివరాల పత్రం, కేఎఫ్ఎస్ అంటారు, ఇవ్వడం తప్పనిసరి. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో కావాలని అడగండి. అందులో లేని ఏ ఛార్జీనీ మీ స్పష్టమైన అనుమతి లేకుండా వేయడానికి వీల్లేదు. బౌన్స్ ఛార్జీ కేఎఫ్ఎస్‌లో 450 అని ఉండి 590 వేస్తే, ఆ తేడా మీరు వెనక్కి అడగొచ్చు. ఆ కాగితం ఎక్కడో పడేయకండి, ఇంటి పత్రాలతో పాటు దాచండి.

## 9. తప్పుగా పడిన ఛార్జీని వెనక్కి రప్పించడం

ఛార్జీ వెనక్కి అడగడానికి ఇవి గట్టి కారణాలు:

- ఖాతాలో డబ్బు ఉండగానే రిటర్న్ అయింది
- గడువు తేదీకంటే ముందే ప్రజెంట్ చేశారు
- ఒకే కంతును ఒకే రోజు రెండుసార్లు పంపారు
- లోన్ తీరిపోయాక కూడా పంపారు
- మాండేట్ రద్దు చేశాక కూడా డబ్బు కట్ అయింది

ఆఖరిదానికి 2019 సెప్టెంబరు 20 నాటి ఆర్‌బీఐ ఆదేశం ఉంది. మీరు బ్యాంకులో మాండేట్ రద్దు చేశాక కూడా ఖాతా నుంచి డబ్బు పోతే బాధ్యత మీ బ్యాంకుదే. మర్నాటికల్లా తేల్చాలి, తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి.

మీ తప్పు వల్లే బౌన్స్ అయినా, అది మొదటిసారి అయితే మర్యాదగా ఒక మాట అడగండి. బ్రాంచి మేనేజరుకు కొంతవరకు తగ్గించే వీలు ఉంటుంది. ఇవ్వాల్సిందే అనడానికి మాత్రం లేదు.

రాతపూర్వకంగా ఇలా ఇవ్వండి:

*"అయ్యా, నా సేవింగ్స్ ఖాతా (చివరి నాలుగు అంకెలు ____) నుంచి ____ తేదీన ____ రూపాయల నాచ్ డెబిట్ రిటర్న్ అయింది. ఆ సమయానికి ఖాతాలో అందుబాటులో ఉన్న నిల్వ ____ రూపాయలు. స్టేట్‌మెంట్ జతచేశాను. రిటర్న్‌కు కారణం, మాండేట్ నంబరుతో సహా రాతపూర్వకంగా తెలపండి. రిటర్న్ ఛార్జీ ____ రూపాయలు జీఎస్టీతో సహా నా ఖాతాకు జమ చేయండి. మీ రిటర్న్ వల్ల లోన్ సంస్థ వేసిన ____ రూపాయలు కూడా చెల్లించండి."*

ఆ చివరి వాక్యం చాలామంది వదిలేస్తారు. బ్యాంకు తప్పు వల్ల అటువైపు పడిన ఛార్జీ కూడా మీ నష్టమే కదా.

కాగితం ఇస్తే నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి వెళ్ళండి. వెబ్‌సైటు సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్, ఫోన్ 14448. ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 30 రోజులు నిండగానే పెట్టేయండి, నెలల తరబడి నాన్చకండి.

## 10. సిప్, బీమా

సిప్ ఒక నెల తప్పితే ఫండ్ సంస్థ జరిమానా వేయదు. మీ బ్యాంకు మాత్రం రిటర్న్ ఛార్జీ వేస్తుంది. 1,000 రూపాయల సిప్‌కు 590 ఛార్జీ కట్టడం కంటే, డబ్బు ఇబ్బంది ఉన్న నెలకు వారం ముందే "పాజ్" పెట్టడం మేలు. నెలవారీ సిప్ వరసగా మూడుసార్లు తప్పితే ఆగిపోతుంది.

బీమాకు నెలవారీ ప్రీమియం అయితే 15 రోజులు, మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాదికి కట్టేవాటికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది. బౌన్స్ అయితే మళ్ళీ కట్ అవుతుందిలే అని ఎదురుచూడకుండా ఆ గడువులో మీరే కట్టేయండి.

## 11. నోటీసు వస్తే

నిధులు లేక ఆటో డెబిట్ వెనక్కి పోవడం చెక్ బౌన్స్ లాంటిదే. చెల్లింపుల వ్యవస్థల చట్టం 2007లోని 25వ సెక్షన్ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లేదా ఆ మొత్తానికి రెండింతల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. భయపడి ఫోన్ ఆపేయకండి. ఒక కంతు తప్పగానే ఎవరూ జైలుకు వెళ్ళరు. అవతలివాళ్ళు 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక మీకు 15 రోజుల గడువు ఉంటుంది. ఆలోపు ఆ మొత్తం కట్టేస్తే కేసుకు ఆధారం ఉండదు. రిజిస్టర్డ్ పోస్టు వస్తే తిప్పి పంపకుండా తీసుకోండి. కవరు మీద తేదీ రాసుకోండి, 15 రోజులు అక్కడి నుంచే లెక్క.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

కంతు ఆపడానికి ఖాతా ఖాళీ చేయడం. ప్రతి నెలా బౌన్స్ ఛార్జీ పేరుకుపోతుంది. ఇబ్బంది ఉంటే గడువుకు ముందే లోన్ సంస్థతో మాట్లాడి, గడువు పెంచమనో కంతు తగ్గించమనో రాతలో అడగండి.

జీతం ఖాతా మార్చి పాతది వదిలేయడం. ఉద్యోగం మారినప్పుడు ఇదే జరుగుతుంది. కొత్త మాండేట్ యాక్టివ్ అయ్యి, ఒక కంతు కొత్త ఖాతా నుంచి కట్ అయ్యేదాకా పాత ఖాతాలో రెండు కంతుల డబ్బు ఉంచండి.

నడుస్తున్న లోన్ మాండేట్‌ను కోపంతో రద్దు చేయడం. అప్పు అలాగే ఉంటుంది, ఒప్పందం మీరినవాళ్ళు మీరవుతారు.

అన్నీ ఒకే ఖాతాలో కలపడం. కిరాణా, పెట్రోలు, కంతులు ఒకే ఖాతా నుంచి వెళ్తుంటే బ్యాలెన్స్ రోజూ మారుతుంది. కంతులకు విడిగా ఒక ఖాతా పెట్టి, జీతం పడిన రోజే ఆ నెల మొత్తం అందులోకి మార్చేయండి. యూపీఐని ఆ ఖాతాకు తగిలించకండి. నా ఉద్దేశంలో ఈ ఒక్క అలవాటే అన్నిటికంటే ఎక్కువ బౌన్సులు ఆపుతుంది.

ముందు రోజు చూసుకోవాల్సినవి:

- అందుబాటులో ఉన్న నిల్వ = కంతులు + కనీస నిల్వ + 500
- లీన్ ఏమైనా ఉందా
- రేపు సెలవా, మధ్యలో ఇంకేదైనా కట్ కానుందా
- బ్యాంకు మెసేజ్‌లు వచ్చే ఫోన్ నంబరు మీ దగ్గరే ఉందా

## 13. లోన్ తీరాక మాండేట్ మూయించండి

ఆఖరి కంతు కట్టగానే పని అయిపోలేదు. ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం) తీసుకోండి. మాండేట్ రద్దు చేయమని లోన్ సంస్థకు ఈమెయిల్ పెట్టండి. నెట్ బ్యాంకింగ్‌లో చూసి, ఇంకా యాక్టివ్‌గా ఉంటే యూఎంఆర్‌ఎన్ రాసి బ్రాంచిలో రద్దు దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. యూపీఐ ఆటోపే అయితే మీ యాప్‌లోనే ఆపేయొచ్చు.

తర్వాత మూడు నెలలు, పాత గడువు తేదీ దాటిన మర్నాడు పాస్‌బుక్ ఒకసారి ప్రింట్ చేయించి చూడండి. ఆ పేరుతో ఎంట్రీ ఏదైనా కనిపిస్తే, ముద్ర ఉన్న ఆ నకలు తీసుకుని అదే రోజు బ్రాంచికి వెళ్ళండి.